నిజాంసాగర్ చూడలేదు, పోశవ్వ ఇల్లు చూశాను

నిజం చెప్పాలంటే నేను నిజామాబాద్‌కు ఒప్పుకున్నది నిజాంసాగర్ కోసం. వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతుంటాను. అంటువ్యాధులు, రోగనిరోధక శక్తి గురించి అక్కడి డాక్టర్లకు గంట సేపు ఉపన్యాసం ఇవ్వమని పిలిచారు. పదకొండుకు పాఠం, ఒంటిగంటకు భోజనం, ఆ తర్వాత ఆనకట్ట చూసుకుని రాత్రి ఏడు గంటల బస్సులో హైదరాబాద్ తిరుగుముఖం. ఇదీ నా ప్లాను. ఆ బస్సుకు టికెట్ కూడా ముందే కొనేశాను. ఆ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని దారి వివరాలు రాస్తున్నాను కానీ, ఆనకట్ట గురించి మాత్రం నన్ను అడగకండి.

ఉదయం ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే కామారెడ్డిలో ఎనిమిదింపావుకు చాయ్ తాగనిస్తాడు, పదికల్లా నిజామాబాద్‌లో దింపుతాడు. ఛార్జీ ఎనభై రూపాయల లోపే. హాలు బస్టాండుకు దగ్గరే. గుమ్మంలోనే మందుల కంపెనీవాళ్లు సంచీ, పెన్నూ చేతిలో పెట్టారు. డాక్టర్లు ముప్పై మంది కూడా లేరు. హాలు బోసిగా ఉంటుందని మండలాల నుంచి ఆరోగ్య కార్యకర్తలను రప్పించి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. ఇంగ్లీషులో సాగే నా పాఠం వాళ్లకేం అర్థమవుతుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నా పాఠానికి ప్రాణం ఒక ఫొటో. ఎడమ ముంజేయి, దాని మీద ఎర్రగా ఉబ్బిన వాపు, పక్కన పచ్చబొట్టు తేలు. క్షయ క్రిమి ఒంట్లో చేరిందో లేదో తెలుసుకోవడానికి చర్మంలోకి సన్నటి సూదితో ఒక చుక్క ద్రవం ఎక్కించి, మూడో రోజు అక్కడ గట్టిపడిన వాపును కొలుస్తారు. అది పరీక్ష మాత్రమే, మందు కాదు. ఈ చేతి మీద పద్దెనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా బృందం ఈ జిల్లాలోనే రెంజల్ వైపు ఒక ఊళ్లో సర్వే చేసినప్పుడు తీసిన ఫొటో అది. ఇన్నేళ్లుగా ఆ చేతిని చూపించే చప్పట్లు కొట్టించుకుంటున్నాను. ఒకసారి ఒక విద్యార్థి, ఆమెకు తర్వాత ఏమైంది మేడం అని అడిగితే, చికిత్స తీసుకుంది, పూర్తిగా తగ్గిపోయింది అనేశాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను. ఆరోజూ అదే చెప్పాను.

భోజనాల దగ్గర బిర్యానీ ప్లేటు పట్టుకుని ఉన్నాను. వెనక వరసలో కూర్చున్న ఒకాయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పేరు సాయిలు, రెంజల్ మండలంలో ఆరోగ్య కార్యకర్త.

"మేడం, గా చెయ్యి మా పోశవ్వది," అన్నాడు.

"ఎలా చెప్పగలవు?"

"గా తేలుకు కొండి లేదు సూడున్రి. సిన్నప్పుడు పచ్చబొట్టు పొడుస్తుంటె నొస్తుందని నడిమిట్లనే లేసి ఉరికిందట. మా వాడకట్టే మేడం, నాకు సిన్నమ్మ వరస." గొంతు తగ్గించాడు. "'క్యూర్డ్' అన్నరు గద మీరు, తక్కువైందని. గంత ఇంగ్లీషు నాకు ఎరుకే. తక్కువ కాలే. మీరు సూది ఏసిపోయినంక రెండో ఏడు సచ్చిపోయింది."

నా చేతిలో ప్లేటు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇన్నేళ్లలో ఆ ఫొటోలో తేలుకు కొండి లేదన్న సంగతి నేను గమనించనేలేదు. వాపు అంచులు మాత్రం కళ్లు మూసుకుని గీయగలను. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగితే, కూతురు ఉందని, రెండు నెలలుగా దగ్గుతోందని, పరీక్షకు ఎంత పిలిచినా రావడం లేదని చెప్పాడు. నిర్వాహకులు శాలువా తెచ్చేలోపే ఇద్దరం బస్టాండులో ఉన్నాం.

బోధన్‌కు ప్రతి పావుగంటకూ బస్సు ఉంటుంది, గంట ప్రయాణం. చెరకు సీజన్‌లో మాత్రం గంటన్నర వేసుకోండి. ఊళ్లోకి వెళ్లే రోడ్డు మీద చెరకు బండ్లు బారులు తీరి ఉంటాయి, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి, అదే మొలాసిస్ వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. బోధన్ నుంచి షేర్ ఆటో. ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో చెరకు కోత కూలి గురించి ధాటిగా వాదించుకుంటున్నారు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అద్దంలో చూసి డ్రైవర్ నవ్వాడు. "రెండు దినాలుంటె అలవాటైతది మేడం. గని మీ అసుంటోళ్లు రెండు దినాలుండరు గద!" అన్నాడు. అతనికి నా సంగతేమీ తెలియదు, మామూలుగా అన్న మాటే. అయినా చెంప ఛెళ్లుమన్నట్టయింది.

మూడున్నరకు ఊరు చేరాం. పోశవ్వ కూతురు గంగామణి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పాతికేళ్లుంటాయేమో, బుగ్గలు లోపలికి పోయాయి. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టి దారం కట్టడం, మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం. వేళ్లు మాత్రం ఆగడం లేదు.

"చెల్లె, వీళ్లే," అన్నాడు సాయిలు. "అమ్మకు సూది ఏసిన డాక్టరమ్మ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మొహం విప్పారింది. లోపలికి వెళ్లి ఇనప పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో మడత పెట్టిన చీటీ. ఎక్స్‌రే తీయించాలి, కళ్లె పరీక్ష చేయించాలి, జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. అన్నీ ఇంగ్లీషులో. కింద సంతకం నాది. బృందంలో చిన్నదాన్నని చీటీలు రాసే పని నాకు అప్పజెప్పారు. జీపు హారన్ కొడుతుంటే గబగబా రాసి పంచాను.

"గిది అమ్మ దాసుకున్నది," అంది గంగామణి. "సూది మంచిగ పట్టినట్టు సర్టిఫికెట్ అని. ఊరోళ్లందరిల అమ్మ చెయ్యే బాగ ఉబ్బిందట గద? టీకా ఉబ్బితెనే పట్టినట్టు అంటరు. ఉబ్బనోళ్లు మాకు మల్ల ఎయ్యున్రి అని మీ ఎంబడి పడ్డరట. అమ్మ ఎంత మురిసిందో! ఫొటో గుడ నాదే తీసిండ్రు అని సచ్చేదాంక చెప్పుకున్నది."

"మరి దగ్గు?"

"దగ్గితె ఏమైతది, సూది పడ్డది గద అనేది. దవఖానకు పోదామంటె ఇననేలేదు."

అయ్యో, ఎంత పని చేశాం! ఊరంతటిలో ఎవరికి జబ్బు ఉండొచ్చో చెప్పిన వాపు అది. దాన్నే చూసుకుని ఆమె ధైర్యంగా ఇంట్లో కూర్చుంది. ఇది పరీక్ష తల్లీ, మందు కాదు అన్న ఒక్క ముక్క తెలుగులో చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? రోగనిరోధక శక్తి గురించి గంట మాట్లాడగలను. ఆ ఒక్క ముక్క ఎవరమూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

గంగామణి చాట పక్కన పెట్టి, ఎడమ రవిక చేతిని మోచేతి పైకి లాక్కుని నా ముందు చాపింది. "నాకు గుడ ఎయ్యున్రి మేడం. అమ్మకు ఏసిందే. మంచిగ పడ్తది మాకు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె పక్కన కూర్చుని అంతా మొదటి నుంచి చెప్పాను. వాళ్ల అమ్మకు వేసింది మందు కాదని, ఆ విషయం చెప్పకుండా వెళ్లిపోయింది మేమేనని, ఆ చీటీలో ఏం రాశానో కూడా చెప్పాను. ఆమె చీటీ తీసుకుని మళ్లీ అదే మడతల మీద మడిచింది.

"అంటె అమ్మ ఉత్తగనే మురిసిందా?" అంది.

అవునన్నాను. సాయిలు సంచీలోంచి కళ్లె పరీక్ష డబ్బీ తీసి ఇచ్చి, తెల్లారి లేవగానే మొదటి కళ్లె అందులో పట్టి బోధన్ సర్కారు దవఖానకు రమ్మన్నాడు. రేపు బీడీలు కట్టలు కట్టి అప్పజెప్పేది ఉంది, ఎల్లుండి సూద్దాం అందామె. రేపు ఎనిమిదింటికి నేను గేటు దగ్గరే ఉంటానన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరు పోరా?"

ఏడు గంటల బస్సు నేను లేకుండానే వెళ్లింది. బోధన్ బస్టాండు ఎదుట లాడ్జిలో గది నూటయాభై, దుప్పటి మాత్రం మీది మీరు తెచ్చుకోండి. పొద్దున ఏడున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. వచ్చే ప్రతి ఆటోనూ తొంగి చూస్తుంటే చాయ్ బండివాడు కూడా నన్ను వింతగా చూశాడు. తొమ్మిది దాటాక సాయిలు బండి వెనక కూర్చుని వచ్చింది, డబ్బీ కొంగులో ముడేసుకుని. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. క్రిములున్నాయి.

ఆరు నెలలు, వారానికి మూడు రోజులు, సాయిలు కళ్ల ముందే గోలీలు మింగాలని దవఖానలో చెప్పారు. పైసా ఖర్చు లేదు. గంగామణి అంతా విని నన్ను అడిగింది.

"గోలీలకు చెయ్యి ఉబ్బుతదా?"

"ఉబ్బదు."

"మరి పట్టిందో లేదో ఎట్ల ఎరుక?"

"ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే తెలుస్తుంది. అప్పుడు నేను వస్తాను."

"అమ్మకు గుడ మల్ల వస్తమనే చెప్పిపోయిండ్రట," అంది. కోపంగా కాదు, వర్షం రాదేమో అన్నట్టు.

మేం అలా చెప్పామా? చెప్పే ఉంటాం. నాకు గుర్తులేదు, పోశవ్వకు గుర్తుంది. ఇది రాసేనాటికి రెండు నెలలు గడిచాయి. గంగామణి గోలీలు తప్పకుండా మింగుతోందని, దగ్గు తగ్గిందని సాయిలు ఫోను చేశాడు. సంతోషించాల్సిన మాటే. కానీ ఆ ఫోను రాగానే నా నోటి దాకా వచ్చింది ఏమిటో తెలుసా? వచ్చే పాఠంలో చెప్పుకోవచ్చు, ఈసారి నిజంగానే తగ్గిందని. ఛీ, అనుకున్నాను. ఆ ఫొటో ఇంకా చూపిస్తున్నాను, కాకపోతే ఇప్పుడు చేతి కంటే ముందు పేరు చెబుతున్నాను, చివర్లో చచ్చిపోయిందని చెబుతున్నాను. చప్పట్లు తగ్గాయి. గంగామణి పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది.

ఆ వైపు పాఠాలు చెప్పడానికి, సర్వేలకు వెళ్లే డాక్టర్లకు నాదొకటే సలహా. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు గంట గంటకూ బస్సుంది, సీటు దొరక్కపోవడమంటూ ఉండదు. తిరుగు టికెట్ ముందే కొనకండి.