బావ బిగించిన నట్టు

నిన్న పొద్దున్న అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ లేగట్లేదురా" అంది.

"మొహాన నీళ్ళు చల్లు, తనే లేస్తాడు" అన్నాను.

నవ్వుతూ అన్నాను.

గొలుగొండ నుంచి నర్సీపట్నం ఎంత దూరం? నేను చేరేసరికి అంతా అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

మా సూరిబాబు బావ మీలో చాలామందికి తెలుసు. చింతపల్లి రోడ్డులో మెకానిక్. పాత బుల్లెట్ సౌండ్ విని రోగం చెప్పేసేవాడు.

ఇక్కడ నేను రాసేది పొగడ్త కాదు. ఎనిమిదేళ్ళుగా దాచిన సంగతి.

ఆ రోజు బావ మా నాన్న బుల్లెట్ ఇంజిన్ బాగుచేస్తున్నాడు. లోపల ఆయిల్ పంపుని తిప్పే చోట ఒక నట్టు ఉంటుంది. లెఫ్ట్ త్రెడ్. మిగతా నట్లు కుడికి తిప్పితే బిగుస్తాయి, ఇది ఎడమకి. అది వదులైతే ఆయిల్ అందదు, ఇంజిన్ పట్టేస్తుంది.

స్పానర్ సరిగా దూరని ఇరుకులో, మెడ వంచి, పళ్ళు బిగపట్టి బావ దాన్ని బిగించాడు. కదలకుండా ఉందో లేదో తెలియడానికి అక్క నెయిల్ పాలిష్‌తో ఎర్ర గీత పెట్టాడు. ప్రతి బండికీ అంతే. "నా సీసాలన్నీ బళ్ళకే" అని అక్క సణిగేది.

"నట్టు ముట్టుకోకు. కవరేసి ఉంచు, నాను బోయినం సేసొత్తాను" అన్నాడు. నేను ఫోన్ చూస్తూ ఊ కొట్టాను.

తర్వాత నా అతితెలివి.

నాన్న బండి కదా, ఇంకో పట్టు పట్టిద్దామని కుడికి తిప్పాను. బిగించాననుకునే కవర్ వేసేశాను.

లంబసింగి ఘాట్‌లో బండి పట్టేసింది. నాన్న పడ్డాడు. ఇప్పటికీ కుంటుతున్నాడు.

బావ కవర్ విప్పి, పక్కకి జరిగిపోయిన ఎర్ర గీత చూశాడు. "కుడికి తిప్పేవా?" అన్నాడు మెల్లగా. తలూపాను.

బయటికి వచ్చి నాన్నతో "బిగించడం మర్సిపోనాను మావయ్యా, తప్పు నాదే" అన్నాడు.

నాన్న మళ్ళీ అల్లుడి మొహం చూసి మాట్లాడలేదు. పాత బుల్లెట్లన్నీ ఒక్కొక్కటే అనకాపల్లి మెకానిక్కుల దగ్గరికి పోయాయి. అంత పనిమంతుడు స్కూటీలకి పంక్చర్లు వేసుకున్నాడు.

చెప్పేస్తాను బావా అన్న ప్రతిసారీ ఒకటే మాట. "ఊరుకోరా. బాబుకీ కొడుక్కీ మాటల్లేకుండా పోతాది. నానంటే బయటోణ్ణి."

నేను ఊరుకున్నాను. సిగ్గులేకుండా, హాయిగా ఊరుకున్నాను.

నిన్న శ్మశానంలో ఎవరో అన్నారు, "మంచోడే గానీ, పనిలో అశ్రద్ధ" అని. నాన్న అవునన్నట్టు తలూపాడు. అప్పుడూ నా నోరు పెగల్లేదు. చితి అంటుకున్నాక ఏడ్చాను. ఏం లాభం?

ఇదంతా ఇందాక నాన్నకి చదివి వినిపించాను.

"నిన్న సెప్పుంటే, ఓపాలి ఆ మొకమైనా సరింగా సూసుందును కదరా" అన్నాడు.

బావా, తిప్పింది నేనే. నువ్వు సరిగ్గానే బిగించావు.

ఆ నింద ఇక నాకిచ్చేసి, చల్లగా పడుకో.