ఎవరూ తీసుకెళ్లని ఫోటోలు

మా పక్కింటి పెద్దావిడ పోయిన మంగళవారం కన్నుమూసింది. వాళ్లమ్మాయి కంచె దగ్గరికి వచ్చి చెప్పింది. “నిద్రలోనే వెళ్లిపోయింది. రాత్రి ఇంకో ముక్క ఆపిల్ పై అడిగి మరీ తింది” అని నవ్వబోయి ఏడ్చేసింది.

డెబ్భై తొమ్మిదిలో మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆవిడ మా పిల్లలకు గ్రాండ్‌మా. నాకు కారు నేర్పింది కూడా ఆవిడే. “నెమ్మదిగా పోనీ. రోడ్డు ఎక్కడికీ పారిపోదు” అనేది.

ఆవిడ తాత 1860ల్లో, అమెరికా అంతర్యుద్ధం నాటి ఫోటోగ్రాఫర్. గుర్రబ్బండినే చీకటిగదిగా చేసుకుని సైన్యం వెంట తిరిగాడట. మందు పూసిన గాజుపలక తడి ఆరేలోపే ఫోటో తీసి, కడగాలి. ఇంటికి పంపుకోవాలని సిపాయిలు వరసలో నిలబడి తీయించుకునేవారు. చాలామంది వాటిని తీసుకోవడానికి తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక ఆ ముఖాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఆ పలకలను మొక్కలు పెంచే గాజు షెడ్లకు అద్దాలుగా వేసుకుంటాం, అమ్మమని అడిగారట కొందరు. తాత ఇవ్వలేదు. పెళ్లిళ్లూ పసిపిల్లల ఫోటోలూ తీసుకుంటూ బతికి, ఆ పలకల పెట్టెలను మనవరాలికి వదిలి వెళ్లాడు.

“వీళ్లను ఇంటికి చేర్చాలి” అనేది ఆవిడ. పలక అంచున తాత గీసిన పేరూ ఊరూ పట్టుకుని వారసులను వెతికి, ఆ పలక నుంచి కాగితం మీద ప్రింటు వేయించి ఇచ్చేది. చూపు మందగించాక ఆవిడ డ్రైవింగ్ మానేసింది. అప్పటి నుంచి నేను తీసుకెళ్లేదాన్ని.

“శనివారం కూడా డ్రైవింగేనా? ఈసారి ఎక్కడికి?” అనేవారు మావారు.

“ఒహైయో అండీ. సాయంత్రానికి వచ్చేస్తాం. పప్పు ఫ్రిజ్‌లో పెట్టాను, హీట్ చేసుకోండి.”

ఆ శనివారం ఓ ముసలి రైతు తలుపు తీశాడు. ఆవిడ కవరు అందిస్తూ, ఎప్పటిలాగే స్టూడియోలో పనిచేసే అమ్మాయిలా, “మీ తాతగారి ఫోటో తయారైందండీ. ఆలస్యమైనందుకు క్షమించాలి” అంది.

ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. రైతు తాత యుద్ధానికి వెళ్లేనాటికి ఆయన తండ్రి ఇంకా కడుపులోనే ఉన్నాడట. సిపాయి తిరిగి రాలేదు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

“తను ఎవరి పోలికో మా నాన్నకు చివరిదాకా తెలియలేదు” అన్నాడు రైతు. “చూడండి, ఈ చెవులు! మా నాన్నవే!”

తర్వాత హాల్లోని అద్దం ముందుకు వెళ్లి, ఆ ఫోటోను తన చెంప పక్కన పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అతని వెనక, అదే అద్దంలో, మా పెద్దావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.