ఆ మొక్కు నాది

మా వాళ్లలో చాలామంది ఇప్పటికీ నా భార్య తనే మొక్కుకుని తలనీలాలు ఇచ్చిందనుకుంటారు. అది నిజం కాదు. మొక్కుకున్నది నేను.

ఆమె టైఫాయిడ్‌తో మార్కాపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వరండాలో నిలబడి, జ్వరం దిగితే ఆమె జుట్టు ఇస్తానని మొక్కుకున్నాను. నా జుట్టు ఇస్తానని మొక్కుకోవాలని తోచలేదు. ఇంటికొచ్చాక చెప్పాను.

"నన్నడగకుండా నా జుట్టు ఎట్ల ఇస్తావు?" అంది. ఆ మాట అక్కడితో ఆగింది.

మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన నిండా, దిండు మీద, అన్నం గిన్నెలో. రాలిన వెంట్రుకలను ఉండచుట్టి చూరులో దోపడం ఆమెకు అలవాటు. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన వస్తే మార్చుకునేది. ఆ నెల చూరులో చోటు చాలలేదు. మొక్కు తీర్చనందుకే ఇట్ల అవుతోందన్నాను. పెద్ద జ్వరం వచ్చి పోయాక రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుందని, వేరు చావదని, దానంతటదే మళ్లీ వస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా. రోజూ అదే మాట అంటుంటే చివరికి ఆమె సరేనంది.

త్రిపురాంతకంలో గుడి దగ్గర క్షౌరం చేసే పెద్దాయన ఆమె తల తడిపి, పాయలు తీసి చూశాడు.

"కొత్తవి మొలుస్తాండాయి నాయనా. ఇంక రాలేది ఆగినట్టే. ఇప్పుడెందుకు తీయించేది?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది. నేను వద్దులే అంటే లేచి వచ్చేసేది. బస్సు టైమవుతోంది.

"కానీయి పెద్దాయనా" అన్నాను.

ఇంటికొచ్చేసరికి గిద్దలూరు నుంచి మా చెల్లెలు వచ్చి ఉంది. "ఏంది వదినా, గుండు? నాకొక మాటైనా చెప్పలేదే."

"తనే మొక్కుకుందిలే" అన్నాను. ఆమె పక్కనే ఉంది.

జుట్టు మళ్లీ వచ్చింది, మునుపటంత ఒత్తుగా. భుజం దాటగానే కత్తెర తీసుకుని తనే కత్తిరించుకుంటుంది. తొమ్మిదేళ్లుగా అంతే. చూరులో ఏమీ దోపదు.

మొన్న చెల్లెలు వచ్చినప్పుడు నా భార్య ఎదుటే చెప్పాను, మొక్కు నాదని, ఆ పెద్దాయన వద్దన్నా వినలేదని.

"తొమ్మిదేండ్లకు గుర్తొచ్చిందా అన్నా?" అని చెల్లెలు నవ్వింది.

నా భార్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మొక్కెవరిదో ఆ పెద్దాయనకు ఆ రోజే తెలుసు" అంది. కాయలు గిన్నెలోకి ఎత్తుకుని లోపలికి పోయింది.