లక్ష్మీబాయికి దొరికిన స్టూలు

ఒక్క మోకాలితో ఒక పెద్ద కంపెనీని మూడు రోజులు మూయించిన మనిషి మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఒక్కతే ఉంది. మా లక్ష్మీబాయక్క. ఆ మూడు రోజులూ హైదరాబాద్ హెడ్డాఫీసులో లిఫ్టు కూడా పైకి పోవడానికి భయపడిందట. నమ్మకపోతే నన్నడగండి. తొమ్మిదో తరగతిలో బడిని నేనే తీసేశాను, అప్పటి నుంచి నా మాట తప్పని చెప్పగల పంతులు పుట్టలేదు. పైగా ఆ కంపెనీ దుకాణం గోదాంలోనే బస్తాలు మోస్తాను.

లక్ష్మీబాయక్కది కోర్పనా పక్క పల్లె. చేను సున్నపురాయి గని కిందికి పోయాక పట్నం వచ్చి నాగపూర్ రోడ్డు సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్‌లో కుదిరింది. అక్కడ ఏసీ ఉంది, పాటలున్నాయి, కూర్చోవడానికి మాత్రం ఏమీ లేదు. కౌంటర్ మనిషి కూర్చుంటే గిరాకీకి అమర్యాదట. నిలబడీ నిలబడీ ఆమె మోకాలు ఎంత తెలివి మీరిందంటే, వాన వచ్చేదీ రానిదీ వాతావరణం ఆఫీసువాళ్లు దాన్నే అడిగేవారు.

కౌంటర్లలో ఎక్కువమంది రాజురా, కోర్పనా వైపు తెలుగు ఆడవాళ్లే. మేనేజర్ శ్రేయస్ మరాఠీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకే అన్నం తినే వేళ స్టోర్‌రూంలో, బియ్యం బస్తాల మధ్య, యూనియన్ ముచ్చట్లు గొంతు తగ్గించకుండానే సాగేవి. మరాఠీలో మాట్లాడితే గోడలకు చెవులుంటాయి, తెలుగులో మాట్లాడితే ఉండవు. అది వాళ్ల నమ్మకం. కూర్చోవడానికి స్టూళ్లు అడగాలని అందరినీ కూడగట్టింది నిర్మల. ఘుగ్గుస్ గని యూనియన్ నాయకుడు నాగేశ్వర్ దారి చూపిస్తానన్నాడు.

మర్నాడే శ్రేయస్ నిర్మలను పిలిచాడు. నాగేశ్వర్ పేరుతో సహా అంతా చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తితే పని ఉండదన్నాడు. అదే రోజు లక్ష్మీబాయక్క కౌంటర్ వెనక కొత్త స్టూలు వెలిసింది.

"ఊకెనే ఇస్తరా స్టూలు?" అంది పక్క కౌంటర్ విద్య.

"మోకాలు నొస్తుందని అడిగిన. ఇచ్చిండ్రు."

"మా మోకాళ్లు ఇనుపయా అక్కా? ఇన్నేండ్ల సంది అడిగితే ఇయ్యనోళ్లకు ఇయ్యాలనే యాదికొచ్చిందా?"

ఆ రోజు నుంచి ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి, టిఫిన్ డబ్బాలు పక్కకు జరిగేవి. ఎవరి కూరా ఆమె కంచంలోకి రాలేదు. మా దగ్గర కూర పెట్టకపోవడమంటే ముఖం మీద ఉమ్మినట్టే. స్టూలు మోకాలి కోసం ఇచ్చింది కాదని, తనకూ మిగతావాళ్లకూ మధ్య అడ్డంగా వేసిందని ఆమెకు అప్పుడు తట్టింది. మరి మాటలు మోసింది ఎవరు? తలెత్తి చూసింది. బియ్యం బస్తాల మీద గోడకు నల్ల గుండు లాంటి కెమెరా.

నిర్మలను పట్టుకుంది.

"నా మీద నమ్మకం లేదు గదా. మంచిదే. నువ్వు ఒక్కదానివే స్టోర్‌రూంల నిలబడి, ఫోన్ల మాట్లాడినట్టు చేసి, మీటింగు ఫలానా పొద్దు ఫలానా ఊర్ల అని చెప్పు. ఏ ఊరన్న చెప్పు. నాకు చెప్పకు, ఎవలకు చెప్పకు. ఆ పొద్దు పోయి చూడు."

"ఇది గూడ నీ నాటకమే గావచ్చు."

"గావచ్చు. పోయి చూడు."

నిర్మల అట్లాగే చేసి, గురువారమని చెప్పింది. ఆ రోజు ఆమెకు సెలవు. అనుమానంతోనే బస్సెక్కి ఆవర్‌పూర్ పోయింది. సిమెంటు కాలనీ గేటు ఎదురుగా చాయ్ హోటల్లో కొంగు నిండా కప్పుకొని కూర్చుంది. కాసేపటికి శ్రేయస్ బండి దిగి, హెల్మెట్ తీయకుండా, వచ్చీపోయే ఆడవాళ్ల ముఖాలు వెతుకుతూ నిలబడ్డాడు. నిర్మల కొంగు చాటునే ఫోన్ చేసింది.

"అక్కా, గీడ మేనేజర్ ఉన్నడు."

"యాడ?"

"ఆవర్‌పూర్ల."

"నువ్వు ఆవర్‌పూర్ అన్నవని నాకెరుకనా?"

"లేదక్కా."

"మరి గోడకు తెలుగెట్ల వచ్చిందే? మన కంపెనీ యాడిది?"

"హైద్రా..." అని నిర్మల ఆగిపోయింది. శ్రేయస్‌కు రాని తెలుగు హెడ్డాఫీసులో అందరికీ ఉగ్గుపాలతో వచ్చిందే. వాళ్లు ఆ కెమెరాలోంచి అక్కడ విని, ఇక్కడికి చెబుతున్నారు.

శుక్రవారం గిరాకీ వేళ లక్ష్మీబాయక్క తన స్టూలు తీసుకెళ్లి మేనేజర్ క్యాబిన్ గుమ్మంలో పెట్టింది. వెనక్కి వచ్చి కౌంటర్ పక్కన నేల మీద కూర్చుంది. నిర్మల కూర్చుంది. విద్య కూర్చుంది. వరసగా అందరూ కూర్చున్నారు. గిరాకీల వరస పెరిగి పెరిగి వార్ధా నదిలో కాళ్లు కడుక్కుని వెనక్కి వచ్చింది. శ్రేయస్ ఫోన్ మోగీ మోగీ కరిగిపోయింది. మూడో రోజుకు అందరికీ స్టూళ్లు ఇస్తామని హెడ్డాఫీసే దిగివచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె కంచంలో పడ్డ కూరలతో ఊరంతా బంతి భోజనం చేసింది.

ఇదంతా రాసి నిన్న స్టోర్‌రూంలో ఆమెకు చదివి వినిపించాను. అన్నం కలుపుతూ ఒకసారి పైకి చూసి అంది:

"కంపెనీ ఏం మూతపడలే. బిల్లింగు ఒక్క పూట ఆగింది. స్టూళ్లు ఇస్తమన్నరు, ఇంక ఇయ్యలే. కెమెరా గూడ తియ్యలే. గట్టిగ సదవకు."