కాంతమ్మ అడిగిన గడువు

2023 మార్చి. తిరుపతికి ఆనుకొని ఉన్న ఒక మున్సిపాలిటీలో నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. హోదా పేరు పెద్దదే గానీ, పని ఇంటిపన్ను వసూలు చేయించడం. మార్చి వచ్చిందంటే మాకు కంటిమీద కునుకుండదు. ఆ ఏడు పాత బకాయిల మీద వడ్డీ మాఫీ కూడా ప్రకటించారు. గడువులోపు అసలు మొత్తం కట్టేస్తే వడ్డీ వదిలేస్తారు, లేకపోతే అది మళ్ళీ నెత్తిన కూర్చుంటుంది. ఇలాంటి మాఫీల కోసమే కార్లున్న మహానుభావులు కూడా ఏళ్ళ తరబడి పన్ను ఎగ్గొట్టి కూర్చుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కాంతమ్మగారి ఇంటికి కూడా ఆ మంటతోనే వెళ్ళాను. ఇల్లు ఎనభై అడుగుల రోడ్డు మీద ఉంది. ఒక పక్క ఆసుపత్రి, ఇంకో పక్క కార్ల షోరూము. మధ్యలో రెండు గదుల పాత మిద్దె. వసారాలో డెబ్బై దాటిన ఆవిడ గ్రైండర్ ముందు కూర్చొని దోసెల పిండి రుబ్బుతున్నారు. చుట్టుపక్కల ఇళ్ళకు ఆ పిండి అమ్ముకొని బతుకుతున్నారు. భర్త సైకిల్ షాపు నడిపేవారట. ఐరాల నుంచి వచ్చి, ఇక్కడ చవకగా స్థలం కొని, ఇల్లు కట్టి, భార్య పేరుతోనే రిజిస్టర్ చేయించి పోయారు. పిల్లలు లేరు.

ఇప్పుడు పన్ను ఆస్తి విలువను బట్టి వేస్తాం. దాన్ని క్యాపిటల్ వాల్యూ పద్ధతి అంటారు. ఇంటి ముందు సందు పెద్ద రోడ్డయితే స్థలం విలువ పెరుగుతుంది, దాంతో పాటు పన్నూ పెరుగుతుంది. లోపలున్న మనిషి సంపాదన పెరిగిందా అని ఆ లెక్క అడగదు.

"రోడ్డు మీరేసినారు పాపా. నేనేమన్నా అడిగినానా?" అన్నారు కాంతమ్మగారు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి నుంచి పన్ను కట్టలేకపోయారట. అంతకు ముందు ఒక్క విడత కూడా తప్పలేదు.

నోటీసుకు స్పందించకపోతే కుళాయి కనెక్షన్ తీసేయడం మా పద్ధతి. ఆ మాట ఎలా చెప్పాలా అని నసుగుతుంటే ఆవిడే అందుకున్నారు.

"నీళ్ళు నిలిపేస్తే నేను పిండెట్లా రుబ్బేది? ఒక పని చెయ్యండి. నేనుండేదాక ఈ బాకీ మీరే రాసుకోండి. వడ్డీ కూడా ఏసుకోండి, వద్దన్లే. నేను పోయినాక ఈ ఇల్లు అమ్మి మీది మీరు పట్టుకోండి. ఇల్లు యాడికీ పోదు గదా!"

ఆవిడ చెప్పినదాంట్లో సగం చట్టంలో ఉన్నదే. బకాయి ఆ ఆస్తి మీదే ఉంటుంది. ఇల్లు ఎప్పుడు అమ్మినా ముందు మా బాకీ తీరాలి. మిగతా సగం కూడా కొన్ని దేశాల్లో ఉందని ఎక్కడో చదివాను. పెద్దవాళ్ళ పన్నును ప్రభుత్వమే అప్పుగా కట్టి, ఇల్లు చేతులు మారినప్పుడు రాబట్టుకుంటుందట. మన దగ్గర అలాంటి స్కీము లేదు. అయినా ఉండబట్టలేక కమిషనర్ గారికి నోట్ పెట్టాను. ఆయన మంచి మనిషి. "మనసుకు సరిగ్గానే ఉందమ్మా, రూలు ఎక్కడుంది?" అని గడువు ఆఖరి రోజు దాకా కుళాయి జోలికి వెళ్ళొద్దన్నారు. అంతకు మించి ఆయన చేతుల్లోనూ ఏమీ లేదు.

గడువు ముగియడానికి ముందు బకాయి మొత్తం ఆన్‌లైన్‌లో జమైంది. కట్టినవాడు భాస్కర్, కాంతమ్మగారి బావగారి కొడుకు. నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలకు ఇనుము సప్లై చేస్తాడు. ఇంటి అసెస్‌మెంట్ నంబరు తెలిస్తే ఎవరి పన్ను ఎవరైనా ఫోనులోనే కట్టేయొచ్చు. మా ఆఫీసులో అందరం సంతోషించాం. అందరికంటే ఎక్కువ నేనే సంతోషించాను.

మర్నాడు కాంతమ్మగారు ఆటోలో ఆఫీసుకు వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఎవుర్నడిగి కట్టించుకున్నారు? వాని దుడ్లు వానికిచ్చేయండి. నా బాకీ నాకు రాయండి."

"అవ్వా, కట్టిన పన్ను వెనక్కివ్వడం కుదరదు. అయినా భయమెందుకు? ఎవరు కట్టినా రసీదు మీ పేరుతోనే వస్తుంది. దాంతో ఆయనకు ఏ హక్కూ రాదు."

"రసీదులో నా పేరుంటే సరిపోతాదా? కట్టింది వాడని వీధంతా తెలుసు. నిన్న సాయంత్రమే లారీతో ఇనప కమ్ములు తెచ్చి నా ఇంటి ముందర దించిపోయినారు. రెండు దినాలు ఉండనీ చిన్నమ్మా అన్నాడు. వద్దనేదానికి నాకు నోరొచ్చిందా చెప్పు?"

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినలేదు.

"వాడు చెడ్డోడు కాదు పాపా. రేపు నాకు జరమొస్తే వాడే వస్తాడు. కానీ ఒకటి చెప్తా విను. బాకీ మీకుంటే నా ఇంట్లో నేనుంటా. వానికుంటే వాని ఇంట్లో నేనుండాల."

ఇన్నేళ్ళ సర్వీసులో వాయిదా అడిగినవాళ్ళను వేలమందిని చూశాను. వాళ్ళకు కావలసింది డబ్బేననుకునేదాన్ని. ఈవిడకు డబ్బు దొరికాక కష్టం మొదలైంది. ఆ మాట విన్నాక నాకు చాలా బాధగా అనిపించింది.

ఆవిడ అడిగినదానికి దగ్గరగా వచ్చేది నాకు తెలిసి ఒక్కటే ఉంది, రివర్స్ మార్ట్‌గేజ్. సొంత ఇల్లున్న పెద్దవాళ్ళకు బ్యాంకు ఆ ఇంటి మీద నెలనెలా కొంత అప్పు ఇస్తుంది. బతికున్నంతకాలం తిరిగి కట్టనక్కర్లేదు, ఇల్లు వదలనక్కర్లేదు. ఆ తర్వాతే బ్యాంకు తన బాకీ చూసుకుంటుంది. సెలవు పెట్టి నేనే ఆవిడను తిరుపతిలో ఒక బ్యాంకుకు తీసుకెళ్ళాను. మేనేజరు తల గోక్కున్నాడు. "స్కీము ఉంది మేడమ్. కానీ ఎవరూ అడగరు. ఇల్లు బ్యాంకుకు రాసిచ్చారంటే చుట్టాలు ఊరుకుంటారా?" అన్నాడు.

కాంతమ్మగారు అతనివైపు చూసి, "ఊరుకోకుంటే వాళ్ళనీడికి రమ్మనప్పా. నేను మాట్లాడతా," అన్నారు.

వాల్యుయేషన్ అనీ, లీగల్ ఒపీనియన్ అనీ నెలలు పట్టింది. భాస్కర్ రెండుసార్లు బ్యాంకుకు వెళ్ళి గొడవ చేశాడు కూడా. అంతకాలం ఆ కమ్ములు ఆవిడ గుమ్మం ముందే ఉన్నాయి. పిండి కోసం వచ్చేవాళ్ళు వాటిని దాటుకొని వచ్చేవాళ్ళు.

చివరికి అప్పు మంజూరైంది. చేతికొచ్చిన డబ్బు ఆవిడ మరి దేనికీ ముట్టలేదు. భాస్కర్‌కు తీర్చేటంత కూడాక అతన్ని ఇంటికి పిలిపించారు. పక్కన ఉండమని నన్నూ రమ్మన్నారు. ముందు అతనికి కాఫీ ఇచ్చారు. అతను తాగడం అయ్యాక డబ్బు చేతిలో పెట్టారు.

అతని ముఖం మాడిపోయింది. "నేనేమన్నా అడిగినానా చిన్నమ్మా?" అన్నాడు.

"అడగలేదు నాయనా. అందుకే ఇస్తా ఉండా. కమ్ములు తీసుకుపో."

అతను తల దించుకొని ఫోను తీసి లారీ పంపమని ఎవరికో చెప్పాడు. లారీ వచ్చి సరుకంతా ఎత్తుకుపోయేదాకా కాంతమ్మగారు వసారాలో నిలబడే ఉన్నారు. ఆ తర్వాత చీపురు తీసుకొని ముంగిలి తానే ఊడ్చుకున్నారు. నేను ఊడుస్తానంటే ఇవ్వలేదు.

ఆవిడ ఇప్పటికీ అక్కడే పిండి రుబ్బుతున్నారు. బ్యాంకు నెలనెలా ఇచ్చేదాంట్లోంచి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తారు.

బకాయి ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు "చుట్టాలెవరూ లేరా? వాళ్ళతో కట్టించండి" అనడం మా శాఖలో అందరికీ అలవాటే. మంచికే అంటాం. నేను మాత్రం ఆ మాట మానేశాను. వయసు మళ్ళిన మనిషి ప్రభుత్వాన్ని గడువు అడుగుతోందంటే, అయినవాళ్ళను అడిగితే ఎంత పోతుందో లెక్క చూసుకున్నాకే అడుగుతోందని నాకిప్పుడు తెలుసు.