ఒక్క జిల్లా చాలన్న డ్రైవర్

2022 ఏప్రిల్‌లో మా ఆఫీసులో నన్ను యూరప్ డెస్క్‌కు మార్చారు. దుబాయ్‌లోని కరామాలో ఒక పాత భవనం పై అంతస్తులో ఉండేది మా ట్రావెల్ ఏజెన్సీ. అప్పటికి నేను అక్కడ చేరి పదిహేడేళ్ళయింది. నా హోదా సీనియర్ ఐటినరరీ ఎగ్జిక్యూటివ్. ఐటినరరీ అంటే రోజువారీ ప్రయాణ పథకం. ఏ రోజు ఏ ఊళ్ళో దిగాలి, ఎక్కడ బస చేయాలి, ఏ రోడ్డు మీద ఎన్ని గంటలు పడుతుంది అన్నవి అందులో ఉంటాయి. వీసా అవసరమైన దేశాలకు దరఖాస్తుతో పాటు ఈ పథకం కూడా జతచేస్తాం. టికెట్లు చూసేవారు వేరు, ఫారాలు నింపేవారు వేరు. పథకం కింద సంతకం మాత్రం నాది.

కొత్త డెస్క్‌లో నాకు అప్పగించిన దేశాల్లో ఐర్లండ్ ఒకటి. నేను ఆ దేశం ఎన్నడూ చూడలేదు. మ్యాపులు, అక్కడి హోటళ్ళవారు పంపే పుస్తకాలు, వెళ్ళొచ్చిన వారి మాటలు, వీటితోనే పని నడిచేది. నైరుతి మూలన సముద్రంలోకి వేళ్ళు చాచినట్టుండే కెర్రీ అనే జిల్లాను ఎక్కువమంది అడిగేవారు. డింగిల్ అనే చిన్న ఊరు, అక్కడి నుంచి స్లే హెడ్ అనే కొండకొమ్మును చుట్టి వచ్చే ఇరుకు రోడ్డు, మైళ్ళ పొడవున ఇసుక పరుచుకున్న ఇంచ్ బీచ్. నేను కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం నాకు కొత్త కాదు. ఆ వర్ణనలు రాయడం నాకు తేలిగ్గానే వచ్చింది. అంత తేలిగ్గా రావడంలోనే పొరపాటుకు చోటు దొరికింది.

మే నెలలో మల్లేశం గారు మా ఆఫీసుకు వచ్చారు. కోరుట్ల దగ్గరి పల్లె ఆయనది. వయసు యాభై నాలుగు. అబూ ధాబీ శివార్లలోని మఫ్రఖ్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో ఉంటూ, లోబెడ్ ట్రైలర్ నడిపేవారు. వంతెనల దూలాలు, పెద్ద యంత్రాలు మోసుకెళ్ళే పొడవాటి, ఎత్తు తక్కువ బండి అది. ఆయన పనిచేసిన ఒక ప్రాజెక్టులో డెక్లన్ అనే ఐరిష్ ఇంజనీరు ఉండేవాడు. బరువు కదిలిన ప్రతిసారీ ముందు దారి చూపే పైలట్ కారులో అతనూ, వెనక లోబెడ్‌లో ఈయనా వెళ్ళేవారు. అనుమతి కోసం రోడ్డు పక్కన కాచుకున్నప్పుడల్లా అతను తన జిల్లా రోడ్ల గురించి చెప్పేవాడట. ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్ళాక, నువ్వొచ్చి ఒకసారి మా రోడ్ల మీద కారు నడుపు అని ఆహ్వానం పంపాడు.

నేను వివరాలు అడుగుతుంటే మల్లేశం గారు అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"ఇరవై ఆరేండ్ల సంది బండి తోలుతున్న మేడమ్. ఒక్కపారి గూడ సూసుటానికని బండి ఆపలె. గందుకే పోతున్న."

ఆ మాట నేను విన్నానే తప్ప పథకంలోకి ఎక్కించలేదు. సెలవుల సీజను, బల్ల మీద ఫైళ్ళు గుట్టగా ఉన్నాయి. మా దగ్గర తయారుగా ఉన్న పది రోజుల నమూనా తీసి, పేరు మార్చి, సంతకం పెట్టి పంపాను.

జూన్ రెండో వారంలో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. ప్రయాణ ఉద్దేశం దరఖాస్తుదారు పరిస్థితులతో సరిపోలడం లేదని, గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని అందులో ఉంది. మా వృత్తిలో తిరస్కరణ ఒక్కసారితో పోయేది కాదు. ఆ తర్వాత ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా, మీకెప్పుడైనా వీసా నిరాకరించారా అనే ప్రశ్నకు అవునని రాయాలి. ఒంటరిగా వెళ్ళే డ్రైవరుకు ఆ 'అవును' ఇంకా బరువు.

ఫైలు తీసి నా పథకం మళ్ళీ చదివాను. నాలుగో రోజు దగ్గర ఆగిపోయాను. ఉదయం స్లే హెడ్ చుట్టు, మధ్యాహ్నం పక్క జిల్లాలోని మోహర్ కొండచరియలు, సాయంత్రం ఆరింటికి డబ్లిన్. ఏ మనిషీ ఒక్క రోజులో చేయగల ప్రయాణం కాదది. ఆరో రోజు కింద మరీ ఘోరం: 'ఇంచ్ బీచ్‌లో విశ్రాంతి. పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు.' ఒంటరిగా వెళ్తున్న మనిషి కాగితంలో పిల్లలు! వేరే కుటుంబం ఫైలులోంచి వచ్చిన వాక్యం అది. దాన్ని చదివిన అధికారికి ఈ దరఖాస్తు మొత్తం అబద్ధంగా కనిపించి ఉంటే, అందులో ఆయన తప్పేమీ లేదు. కింద సంతకం నాదే.

మా మేనేజరు ఫణీంద్ర గారు హైదరాబాద్ మనిషి, చురుకైనవాడు. గల్ఫ్ అలవాటు ప్రకారం ఆయన్ని అందరం ముదీర్ అనేవాళ్ళం. విషయం చెబితే ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఖలాస్ అనుకోండి మేడమ్. ఆయనకి జార్జియా చూపించండి. ఇక్కడి రెసిడెన్సీ ఉంటే చాలు, వీసా గొడవే లేదు. అవీ కొండలే కదా."

తిరస్కరణ వచ్చిన వారికి అలాంటి దేశాలు చూపించడం మా వ్యాపారంలో మామూలే. నేనూ ఎంతోమందికి చూపించాను. ఆ రోజు మాత్రం కుదరదన్నాను. ఐర్లండ్ వీసా నిరాకరణపై రెండు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తుదారు స్వయంగా సంతకం చేసిన ఉత్తరం ఉండాలి, ప్రతి కారణానికీ జవాబు ఉండాలి. అప్పీలు వేస్తానని, పథకంలోని తప్పు ఏజెన్సీదని లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేయాలని అడిగాను. తప్పు ఒప్పుకుంటూ కాగితం బయటికి వెళ్తే రేపు మన ఫైళ్ళన్నీ అనుమానంగా చూస్తారని ఆయన వాదన. స్టాంపు ఇవ్వనన్నాడు.

ఆ ఆదివారం బస్సులు మారి మఫ్రఖ్ వెళ్ళాను. క్యాంపు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో మల్లేశం గారి ఎదుట కూర్చుని, నా తప్పును వాక్యం వాక్యం చదివి వినిపించాను. ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపారు.

"నా పెండ్లాం పిల్లలు ఊర్లె ఉన్నరు మేడమ్," అన్నారు. "ఆల్లను నేను ఒక్కనాడు గూడ సముద్రం కాడికి తీస్కపోలె. మీ కాయితమన్న తీస్కపోయింది."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. మళ్ళీ ప్రయత్నిద్దాం, ఈసారి పథకం మీరే చెప్పండి, నేను రాస్తాను అన్నాను. వద్దంటారేమో అనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని మ్యాపు తన వైపు తిప్పుకున్నారు.

మొదట డబ్లిన్ కొట్టేయమన్నారు. మోహర్ కొట్టేయమన్నారు. "గన్ని జాగలు నాకెందుకు? ఒక్క జిల్లా సాలు. డెక్లన్ సార్ ఇంటి కాడ ఉంట, పొద్దుగాల పోయి సూసి మల్ల అత్త."

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు పదిహేడేళ్ళలో నన్ను ఏ కస్టమరూ అడిగినవి కావు. రోడ్డు వెడల్పెంత, పక్కన గోడ ఉందా, ఎదురుగా బండి వస్తే ఎక్కడ తప్పుకోవాలి, పెద్ద బస్సులు ఏ దిక్కుగా తిరుగుతాయి. స్లే హెడ్ మీద బస్సులు గడియారం ముల్లు తిరిగే దిక్కునే వెళ్తాయని చెప్పాను.

"అయితె నేను గూడ గటే తిరుగుత. ఎన్కకు తీసుడు నాకత్తది గని, కొత్త జాగల పనితనం సూపెట్టద్దు."

ఇంచ్ బీచ్‌లో కార్లు ఇసుక మీదికి కూడా దిగుతాయన్నాను. ఆయన నవ్వారు. "ఇసుకల దించ మేడమ్. ఇసుక సంగతి నాకెర్క." కానర్ పాస్ అనే కనుమ దారిలో రెండు టన్నులు దాటిన బండ్లకు అనుమతి లేదని చెబితే మాత్రం నమ్మలేనట్టు చూశారు. ఆయన బతుకంతా అంతకు ఎన్నో రెట్ల బరువుతోనే గడిచింది. అక్కడ బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. ఆయన మన ఊళ్ళో ఎడమ పక్కన నేర్చుకుని, ఇక్కడ కుడి పక్కన నడిపిన మనిషి. ఆ మాట కూడా రాసుకున్నాను.

ఒక్క చోట మాత్రం మాకు కుదరలేదు. పది రోజులను ఏడుకు తగ్గించాం, అందులో ఒక రోజు ఖాళీగా ఉంచమన్నారు. ఖాళీ రోజు కనిపిస్తే అధికారులు అనుమానిస్తారని మా వృత్తిలో గట్టి నమ్మకం. నేనెప్పుడూ ఖాళీ వదల్లేదు. అదే చెప్పాను.

"కొండ మీద మబ్బు దిగితె ఏం జేత్తరు? మీ కాయితంల ఉన్నదని పోవాల్నా? మబ్బుల బండెక్కియ్య. గదే రాయున్రి."

అదే రాశాను. 'ఐదో రోజు: కనుమ దారిలో పొగమంచు ఉంటే వాడుకోవడానికి కేటాయించిన రోజు. దరఖాస్తుదారు వృత్తిరీత్యా డ్రైవరు. చూపు ఆనని రోడ్డు మీద నడపరు.' కంపెనీ సెలవు పత్రం, పొడిగించిన కాంట్రాక్టు, డెక్లన్ ఆహ్వానం, లైసెన్సు నకళ్ళు వరుసగా పెట్టాం. ఉత్తరం ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించాను. రెండు చోట్ల మార్పించి సంతకం చేశారు.

మిగిలింది మా ఆఫీసు ఉత్తరం. గడువుకు పన్నెండు రోజులుంది. మళ్ళీ అడిగితే ముదీర్ మళ్ళీ కాదన్నాడు. ఇక మాటలతో లాభం లేదని, ఆ సీజన్లో యూరప్ డెస్క్ నుంచి వెళ్ళిన, వెళ్ళబోతున్న పథకాలన్నీ తీసి చదివాను. నాలుగు రోజులు పట్టింది. అల్ ఐన్‌లోని ఒక వృద్ధ దంపతుల ఫైలులో, ఒంటరిగా వెళ్తున్న ఒక బ్యాంకు ఉద్యోగిని ఫైలులో అదే వాక్యం దొరికింది. పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు. రెండూ ఇంకా దాఖలు కాలేదు.

వాటిని ఆయన బల్ల మీద పెట్టి, ఆ వరుసల కింద గీత గీసి నిలబడ్డాను. ఆయన ఒకటి చదివాడు, రెండోది చదివాడు, కళ్ళజోడు తీశాడు.

"ఇవి కూడా ఇలాగే తిరస్కరణకు పోయేవే కదా మేడమ్," అన్నాడు.

"పోయేవే సార్. వీటి కింద సంతకం కూడా నాదే."

ఆ మధ్యాహ్నం స్టాంపు వేశాడు. ఒక షరతు పెట్టాడు: పొరపాటు నా డెస్క్‌లో జరిగిందని నా పేరుతో రాయాలి. అది నిజమే కాబట్టి రాశాను. ఆ ఏడాది నాకు రావలసిన టీమ్ లీడర్ హోదా వేరొకరికి వెళ్ళింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పీలు ఆమోదమైనట్టు ఆగస్టు చివర్లో తెలిసింది. మల్లేశం గారు సెప్టెంబరులో వెళ్ళారు. తిరిగొచ్చిన వారానికి కరామా వచ్చి నా ఎదుట కూర్చున్నారు. కనుమ మీద మూడో రోజే మబ్బు దిగిందట. బండి వెనక్కి తిప్పి, ఐదో రోజు ఎక్కారట. స్లే హెడ్ రోడ్డు మీద, కుమీనూల్ అనే చిన్న బీచి పైన కారు ఆపుకునే చోటు దొరికితే ఆపారట.

"ఎంతసేపు ఉన్నారు?" అని అడిగాను.

"గడియారం సూడలె మేడమ్. కింద అలలు రాళ్ళకు కొట్టుకుంటున్నయ్, గొర్లు అడ్డం అచ్చినయ్, పోయినయ్. యల్లా యల్లా, జల్ది నడువ్ అనెటోడు ఒక్కడు గూడ లేడు. డెక్లన్ సార్ పక్క సీట్ల కూసోని నిద్రవోయిండు."

అంతకు మించి వర్ణించలేదు. మర్నాడు డ్యూటీ ఉందని లేచారు.

నేను 2024లో రిటైరయ్యాను. వెళ్ళేముందు ఆ డెస్క్‌లో రెండు నియమాలు పెట్టించగలిగాను. నమూనా పథకంలోని ఒక్క వాక్యం కూడా అలాగే వాడకూడదు. ప్రయాణికుడితో కనీసం ఒకసారి కూర్చుని, ఆయన ఎందుకు వెళ్తున్నాడో ఆయన మాటల్లో రాసుకోకుండా ఎవరూ సంతకం చేయకూడదు. ఈ రెండో నియమం వల్ల పని నెమ్మదించిందని ముదీర్ చివరిదాకా అంటూనే ఉన్నాడు. నెమ్మదించిన మాట నిజం. చూడని ఊరి గురించి రాయడం మా వృత్తిలో తప్పదు. ఎదుట కూర్చున్న మనిషిని చూడకుండా రాయడం మాత్రం తప్పించుకోగలిగిన తప్పు. అది తెలుసుకోవడానికి నాకు పదిహేడేళ్ళు, ఒక తిరస్కరణ ఉత్తరం పట్టాయి.