తాడు కట్టనివ్వలేదు

మా జీపుకు తాడు కట్టకూడదు. నౌపడ దగ్గరి మా ఉప్పు కొఠారులో దాన్ని పెట్టి తలుపు మూసిన రోజున నాన్న చెప్పిన మాట అది. అంతకు కొన్నేళ్ల ముందు మా పెదనాన్న కారు వేలంలో పోయింది. పాడుకున్నవాడు దాన్ని ఎడ్లకు కట్టించి టెక్కలి బజారు మధ్యగా లాక్కుపోయాడు. స్టీరింగు దగ్గర ఎవరో పాలేరు కూర్చుని నవ్వుతున్నాడు. కొట్లలో వాళ్లు మెట్లు దిగి వచ్చి మరీ చూశారు. ఆ జనంలో నిలబడి నాన్న కూడా చూశాడు. తర్వాత ఉప్పు మళ్లు ఒక్కొక్కటే చేజారుతున్నప్పుడు కూడా ఆయన గొంతు పెంచింది లేదు. జీపు దగ్గర మాత్రం ఒకటే మాట.

"ఇది ఇంజను మీద వచ్చినాది. పోతే ఇంజను మీదే పోతాది."

నాన్న పోయి చాలాకాలమైంది. మళ్లు పోయాయి, ఇల్లు పోయింది. ఆ కొఠారు మాత్రం స్థలం లీజు ఉన్నన్నాళ్లు మా పేరున నిలబడింది. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం ఆ లీజూ ముగిసింది. అక్కడ రొయ్యల చెరువులు తవ్వుతారట. ఆ పనులు చూస్తున్నవాడు మా మేనత్త కొడుకు, నాకు బావ. అప్పటికి నేను టెక్కలిలో రెండు గదులు అద్దెకు తీసుకుని పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. బావ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే సంగతి చెప్పాడు.

"రోహిణి కార్తె దాటకుండా కొఠారు కాళీ సెయ్యాల. జీపుకి తాడేసి ట్రాక్టరుతో లాగించెస్తాను. పాతినుం వోడు పట్టుకుపోతాడు. నువ్వు రానక్కర్లేదు."

"తాడు కట్టకు. నేనే నడిపి తెచ్చుకుంటాను."

"ఏటి నడుపుతావు? ఇన్నాళ్లూ ఉప్పులో ఉన్నాదది. ఊరగాయైపోయుంటాది."

"అయితే ఊరగాయనే నడుపుతాను బావా."

అతను నవ్వాడు. మా ఇంటి ఉప్పు మళ్ల గట్ల మీద అదే జీపు వెనక వేలాడుతూ తిరిగిన మనిషి ఆ నవ్వు నవ్వాడు. "సరే మరి. కార్తె దాటిందంటే నానాగను. తాడూ నాదే, ట్రాక్టరూ నాదే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

టెక్కలిలో పాత జీపుల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. బాప్టిస్టు గుడిలో ఆదివారం ముందు వరుసలో నిలబడి పాటలు పాడతాడు. మిగిలిన రోజులన్నీ ఏదో ఒక బండి కిందే ఉంటాడు. ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లి కొఠారు తాళం తీశాను. టైర్లు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. సీట్లను ఎలుకలు పీచు పీచు చేశాయి. ముందు అద్దం మీద ఉప్పు, శీతాకాలం మంచులాగా తెల్లగా పట్టేసింది. మేస్త్రీ స్టార్టింగు హ్యాండిల్ తెచ్చి జీపు ముక్కులో దూర్చి, తన బరువంతా దాని మీద వేశాడు. గోడకు కొట్టిన మేకులా అది కదల్లేదు.

"బిగిసిపోనాదమ్మా. గేరులో ఎట్టి, తాడు కట్టి, ట్రాక్టరుతో ఓ లాగు లాగితే వదుల్తాది. నేదంటే ఇరుగుతాది."

"తాడు కాకుండా ఇంకేదైనా చెప్పు మేస్త్రీ."

"తాడేటి సేసినాదమ్మా మిమ్మల్ని?"

ఆయన ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి కిరసనాయిలు పోసి నానబెట్టాడు. వారం తిరిగాక మళ్లీ వెళ్లాం. ఏమీ మారలేదు. ఆ రోజు పని ఎటు తేలుతుందో చూద్దామని బావ కూడా వచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. మేస్త్రీ ఒక తీగ వంచి లోపల కెలికి బయటికి లాగాడు. దాని కొసన ముదురు పాకంలాంటి ఎర్రటి బంక సాగుతూ వచ్చింది.

"ఇదేటిది? ఇంజనాయిలు ఇలాగవదే."

తీగ తీసుకుని వాసన చూశాను. ఆ వాసన నాకు అమ్మ కొంగు తెలిసినంతగా తెలుసు.

"ఆముదం" అన్నాను.

జీపును మూసిన రోజు కళ్లముందుకొచ్చింది. నాన్న ప్లగ్గులు విప్పుకుని, అమ్మ ఇంట్లో వండి నిలవ చేసుకున్న ఆముదం డబ్బా పట్టుకొచ్చి, కాగితం గరాటా చుట్టి ఒక్కో రంధ్రంలోకీ పోశాడు. నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. మళ్లలో తూము తలుపుల మడతబందులకు, తాళాలకు, పారలకు మేము రాసేది ఆముదమే. ఉప్పుగాలిని ఇనుము దగ్గరికి రానివ్వదని నాన్న నమ్మకం. తూము తలుపుకు పనికొచ్చింది ఇంజనుకు ఎందుకు పనికిరాదనుకున్నాడు.

మేస్త్రీ తీగ కింద పెట్టాడు. "ఆముదం పోసీసినారా? ఇంజన్ని నెత్తనుకున్నారేటమ్మా మీ నాన్నగారు?"

బావ తలుపు పట్టుకుని నవ్వాడు. "మావ తెలివి మావదే. ఉప్పు సంపకముందు ఆయనే సంపీసినాడు."

"టార్చి వేసి చూడు మేస్త్రీ" అన్నాను. "బంక గీకి, దాని కింద ఏముందో చూసి చెప్పు. తర్వాత ఇద్దరూ కలిసి నవ్వుకోండి."

ఆయన ఒక రంధ్రం దగ్గర కన్ను పెట్టి చాలాసేపు గీకాడు. లేచినప్పుడు నవ్వు లేదు.

"తుప్పు నేదమ్మా. బంక కింద ఇనుం మెరుస్తన్నాది. ఈ బంకే బిగించినాది, ఈ బంకే కాపాడినాది."

బావ వైపు చూశాను. అతను బయట ట్రాక్టరు వైపు చూస్తున్నాడు.

ఆముదపు జిడ్డు కిరసనాయిలుకు లొంగదు. అది నాకు ముందే తట్టాల్సింది. మా ఇంట్లో దేవుడి దగ్గర వెలిగేవి ఆముదం దీపాలే. కుందులకు గట్టిపడిన జిడ్డు చింతపండుకు పోదు, బూడిదకు పోదు. ఒకసారి బీరువాకు లక్క పాలిష్ పెట్టడానికి వచ్చిన వడ్రంగి తన స్పిరిట్ సీసా వదిలి వెళ్తే, అమ్మ గుడ్డకు అది అద్ది తుడిచింది. జిడ్డు వచ్చేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సీసా ఎప్పుడూ ఉండేది.

హార్డ్‌వేర్ కొట్లో స్పిరిట్ కొని పట్టుకెళ్లాను. మేస్త్రీ మూత తీసి, వెంటనే మూసేశాడు.

"అమ్మా, ఇది సారా వాసనొస్తన్నాది."

"పాలిష్ స్పిరిట్ అది. తాగేది కాదు."

"తాగీదో రాసీదో, వాసన పట్టుకుని గుడికెల్తే పాస్టరుగారు నన్నడుగుతారు గాని మిమ్మల్నడగరు కదా. నాను ముట్టను."

"నువ్వు ముట్టకు. నేనే పోస్తాను."

అలా పోసే పని నాదైంది. కొఠారు బయట, గాలి కొఠారు వైపు వీచని చోటు చూసుకుని, సరుగుడు కట్టెలతో పొయ్యి పెట్టాం. నీళ్లు మరిగించి రేడియేటర్లో పోస్తే ఇంజను ఒళ్లు వేడెక్కేది. తర్వాత రంధ్రాల్లోకి స్పిరిట్. చల్లారాక హ్యాండిల్ పట్టుకుని వేలాడటం. ట్యూషన్లు పొద్దుటికి మార్చుకుని రోజూ బస్సెక్కి వెళ్లేదాన్ని. చీర కొంగు నడుముకు బిగించి హ్యాండిల్ లాగుతుంటే, చెరువుల పనికి వచ్చిన కూలీలు గట్టు మీద నిలబడి చూసేవారు. మేం పిలిస్తే వాళ్ల తాతలు పరిగెత్తుకొచ్చి ఈ జీపు తోసేవాళ్లు. ఆ పిలుపు హక్కు ఎప్పుడో పోయింది. అందుకు నాకు బాధ లేదు. పిలవకుండా ఉండే హక్కు మాత్రం నాదగ్గరే ఉంది.

రోహిణి చివర్లో ఒక మధ్యాహ్నం హ్యాండిల్ కదిలింది. నా చెయ్యి జారిందనుకున్నాను మొదట. మళ్లీ లాగితే మళ్లీ కదిలింది. మేస్త్రీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "ప్రభువా" అని మెల్లగా అనుకుని, నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకున్నాడు.

ఆ తర్వాతి పని ఆయనది. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ఆయిలు మార్చాడు. బ్రేకులు చూశాడు. టైర్లు తన షెడ్డులోంచి తెచ్చి వేశాడు. కొత్త బ్యాటరీ పెట్టినా సెల్ఫు పలకలేదు, కాబట్టి హ్యాండిలే గతి. మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు తెల్లటి పొగ కొఠారంతా కమ్మింది. దీపాలార్పిన దేవుడి గదిలో వచ్చే వాసన అది. నాన్న పోసిన ఆముదం చివరి చుక్కదాకా కాలింది.

కార్తె ఆఖరి రోజు జీపును నేనే నడిపి బయటికి తెచ్చాను. పక్క సీట్లో నీళ్ల డబ్బాతో మేస్త్రీ. రేడియేటరు కారుతోంది. వెనకే బావ ట్రాక్టరు, దాని మీద డ్రైవరు పక్కన బావ, చుట్ట చుట్టిన తాడు. దారిలో ఎక్కడో ఆగిపోతుందని అతని ధైర్యం.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి రావాలి. నిలబడ్డ కొద్దీ ఇంజను కాగుతోంది, ముందు నుంచి ఆవిరి లేస్తోంది. బండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి సాగుతూనే ఉన్నాయి. చివరి పెట్టె ఇంకా దాటకుండానే జీపు ఒక్కసారి వణికి ఆగిపోయింది.

గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆటోల్లో వాళ్లు ఫోన్లు పైకెత్తారు. బావ తాడు భుజాన వేసుకుని నడిచొచ్చాడు.

"సూడు మరి. బాగానే వచ్చినావు. ఇక్కణ్ణుంచి తాడేసుకుందాం, సిగ్గేటి?"

"తొయ్యమంటారేటి అమ్మా?" అని ఆటోల వైపు నుంచి ఎవరో అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. వద్దన్నాను.

మేస్త్రీ తడిగుడ్డతో మూత తీసి కొంచెం కొంచెంగా నీళ్లు పోశాడు. నేను దిగి హ్యాండిల్ పెట్టాను. నాన్న నేర్పినట్టే బొటనవేలు చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింద నుంచి పైకి లాగాను. ఇంజను ఎదురు తన్నింది. మణికట్టు నుంచి భుజందాకా జివ్వుమంది. బొటనవేలు చుట్టి ఉంటే విరిగేదే. హారన్లు ఆగిపోయాయి.

"ఒసే, సెయ్యి పోతాది. ఇలాతే నాను తిప్పుతాను" అన్నాడు బావ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"తప్పుకో బావా."

రెండోసారి లాగాను. దగ్గింది. మూడోసారి అందుకుంది.

ఎక్కి గేరు వేశాను. బావ ఇంకా రోడ్డు మధ్యనే నిలబడి ఉన్నాడు, తాడు భుజం మీద. ట్రాక్టరు వైపు చూశాడు, జీపు వైపు చూశాడు.

"టెక్కలిదాకా నానూ వస్తాను" అన్నాడు.

"వెనకెక్కు. ముందు సీటు మేస్త్రీది."

అతను కాలు పైకెత్తాడు.

"ఆ తాడు మా బండి ఎక్కదు" అన్నాను.

బావ ఎత్తిన కాలు దించాడు. తర్వాత తాడు తీసి ట్రాక్టరు మీదికి విసిరేసి వచ్చి, చిన్నప్పటిలాగే వెనక ఊచ పట్టుకుని ఎక్కాడు. మేం పట్టాలు దాటాం.